జబ్బు లేని మనిషి లక్కీ డ్రా

సినిమా హాలు టికెట్ కౌంటర్లో కూర్చున్న మనిషికి జనం మీద గౌరవం నిలబడడం కష్టం. ఆమెకు ఉద్యోగంలో చేరిన ఏడాదే అది పోయింది. ఆడవాళ్ళ వరస చిన్నగా ఉంటే భార్య చేతికి డబ్బులిచ్చి అటు తోసే పెద్దమనుషులు, మీసాలొస్తున్న కొడుకుని చూపించి "చంటోడండీ, ఒళ్ళో కూర్చుంటాడు" అనే తల్లులు, సినిమా బాగుందా అని అడిగి, బాగుందంటే నమ్మక, బాగాలేదంటే ఆమె మీదే విసుక్కునేవాళ్ళు. వీళ్ళందరికీ ఆమె టికెట్లు చింపి ఇచ్చింది, చిల్లర చూడకుండానే సరిగ్గా ఇచ్చింది, ఒక్కరికీ నవ్వు మాత్రం ఇవ్వలేదు. ఊరు ఆమెకు టికెట్టమ్మ అని పేరు పెట్టింది. మొహం మీదే అలా పిలిచేవాళ్ళు. ఆమె పలికేది.

ఇప్పుడు జనం ఫోన్లోనే సీట్లు కొనుక్కుని గేటు దగ్గర ఆ ఫోను చూపించి లోపలికి పోతున్నారు. కౌంటర్ దాకా వచ్చేది ఫోను పాడైనవాళ్ళూ, ఫోనును నమ్మనివాళ్ళూ. ఆమె జీతం సగమైంది, పని పావు వంతైంది. పని లేని మనిషి ఎదురుగా ఉన్నదాన్ని చూస్తుంది. ఎదురుగా కొత్తగా కట్టిన ఈతకొలను ఉంది.

సాయంత్రాలు అందులోంచి మనుషులు బయటికొచ్చేవాళ్ళు. తడి జుట్టు, చేతిలో ముద్దగా చుట్టిన తువ్వాలు, రోడ్డు దాటేటప్పుడు కూడా తొందర లేని నడక. సినిమా చూసి బయటికొచ్చేవాళ్ళ మొహాలు ఆమెకు బాగా తెలుసు: కళ్ళు చికిలించుకుని, బండి ఎక్కడ పెట్టామా అని వెతుక్కుంటూ, అప్పుడే పోట్లాట మొదలుపెట్టిన మొహాలు. ఈ తడి జుట్టు వాళ్ళు అలా లేరు. ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేనట్టు ఉన్నారు. ఆ నిర్లక్ష్యం ఆమెకు నచ్చింది. తనకూ అది కావాలనిపించింది. ఇంతకు మించి కారణం లేదు. చిన్నప్పుడు మునిగిపోబోయిన కథ లేదు, ఎవరికో ఇచ్చిన మాటా లేదు. లావుగా, మోకాళ్ళు పట్టేసిన యాభై దాటిన ఆడమనిషికి నీళ్ళలో దిగాలనిపించింది. అంతే.

ఒకరోజు షోకీ షోకీ మధ్య రోడ్డు దాటి వెళ్ళి అడిగింది. అక్కడ నేర్పే అమ్మాయి ఆమెను పైనుంచి కిందికి ఓసారి చూసి, చూసినందుకు తనే సిగ్గుపడి, మర్యాదగా చెప్పింది. "ఆంటీ, మామూలు బ్యాచుల్లో అందరూ చిన్నపిల్లలే ఉంటారు. మీకు పర్సనల్ ప్రోగ్రాం అయితేనే బాగుంటుంది. పొద్దున్నే, కొలను తెరవకముందు, మీరూ నేనూ. మూడు నెలలు."

ఫీజు విని ఆమె "సరే" అంది. అంత డబ్బు తన దగ్గర లేదనే సంగతి రోడ్డు మళ్ళీ దాటేటప్పుడు గుర్తొచ్చింది.

ఇంట్లో అడగడమంటే భర్తని అడగడమే. ఆయన బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరై, అప్పట్నుంచీ ఇంట్లో కుర్చీలోంచి లేవకుండా దాన్ని కాపాడుతున్నాడు.

"ఈతా?" అన్నాడు, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "వానాకాలం వస్తే మన హాల్లోనే కొట్టుకోవచ్చుగా. పైకప్పు ఎలాగూ కారుతోంది."

"పైకప్పు బాగుచేయించు మరి."

"అదే చెప్తున్నా. ఉన్న డబ్బు దానికే."

డబ్బు పైకప్పుకీ వెళ్ళలేదు, ఈతకీ వెళ్ళలేదు. ఎక్కడికీ వెళ్ళకుండా ఆయనలాగే కూర్చుంది.

టికెట్టమ్మకు వచ్చిన విద్య ఒక్కటే, టికెట్లు అమ్మడం. హాలు లాబీలో ఒక గేర్ల సైకిలుంది. ఏదో సినిమా విడుదలకి ప్రేక్షకుల్లో ఒకరికి బహుమతి అని మేనేజరు కొనిపెట్టాడు. బహుమతి ఇచ్చే రోజు రాకముందే సినిమా ఎత్తేశారు. సైకిల్ మీద దుమ్ము పడుతోంది. ఆమె మేనేజరు గదిలోకి వెళ్ళి, తనకు రావాల్సిన పాత బోనస్ బదులు ఆ సైకిల్ ఇమ్మంది. మేనేజరు ఆ బోనస్ ఎప్పటికీ ఇచ్చే ఉద్దేశం లేనివాడు కాబట్టి వెంటనే ఒప్పుకుని, పైగా తన మంచితనానికి తనే కరిగిపోయాడు.

హాలుకి పోస్టర్లు వేసే ప్రెస్సులోనే టికెట్ పుస్తకాలు వేయించింది. వాటి మీద ఏం రాయాలో ప్రెస్సువాడికి తనే చెప్పింది: గేర్ల సైకిల్ లక్కీ డ్రా. వచ్చిన డబ్బు నా ఈత ఫీజుకి. కింద తన పేరు. ప్రెస్సువాడు రెండుసార్లు అడిగాడు, ఇంకేమైనా చేర్చాలా అని. అక్కర్లేదంది.

మొదటి వారం ఒక్క టికెట్టు అమ్ముడుపోయింది. కొన్నది హాల్లో పాప్‌కార్న్ అమ్మేవాడు. ఊళ్ళో అతనంత పిసినారి లేడని పేరు. నీళ్ళ సీసా మూత కూడా లెక్కపెట్టుకుంటాడు. కొనేముందు సైకిల్ దగ్గర గొంతుక్కూర్చుని అరగంట పరీక్ష చేశాడు.

"అక్కా, టైర్లు ఎండిపోలేదుగా? బ్రేకులు పట్టి చూడనా? గెలిస్తే ఇంకేం కట్టక్కర్లేదుగా?"

"ఏం కట్టక్కర్లేదు. తీసుకుంటావా, పోతావా?"

"ఒకటివ్వు. వెనక నా పేరు సరిగ్గా రాయి. పొరపాటున ఇంకోళ్ళకి పోతే ఊరుకోను."

మిగతావాళ్ళు టికెట్టు మీది అక్షరాలు చదివి నవ్వారు. మందుల షాపాయన చదివి, తిప్పి చూసి, మళ్ళీ చదివి, "ఈతకా! ఎవరి ఈతకి?" అన్నాడు. నా ఈతకే అంటే, "భలేదానివమ్మా" అని తిరిగిచ్చేశాడు. వీధి చివర ఉండే రిటైర్డ్ హెడ్మాస్టారైతే ఉపన్యాసమే ఇచ్చాడు. "చూడమ్మాయ్, లక్కీ డ్రా అనేది సమాజం కోసం పెడతారు. ఒక అనాథాశ్రమమో, ఒక గుండె ఆపరేషనో ఉండాలి. నీ సరదాకి పదిమంది ఎందుకివ్వాలి?"

"సైకిల్ వస్తుందని ఇవ్వాలి మాస్టారూ."

"సైకిల్ నాకెందుకమ్మా, ఈ వయసులో?"

"ఈత కూడా నాకీ వయసులోనే."

ఆయన ఆ పోలిక తనకు అవమానంగా తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆడపడుచు వచ్చింది అప్పుడే. భర్త చెల్లెలు, సందు మొదట్లో బ్యూటీపార్లర్ నడుపుతుంది. ఊళ్ళో ఎవరి ముఖం వెనక ఏముందో ఆమెకు తెలుసు, ఎందుకంటే ఆ ముఖాలన్నీ ఆమె చేతుల్లో కళ్ళు మూసుకుని పడుకుంటాయి, నోళ్ళు మాత్రం మూసుకోవు.

"వదినా, ఎవరైనా ఇలా రాస్తారా? నా ఈత ఫీజుకి అట! ఎవరు కొంటారు?"

"సైకిల్ కావాల్సినవాళ్ళు."

"పిచ్చిదానా. సైకిల్ కోసం ఎవడూ కొనడు. మంచివాళ్ళమనిపించుకోవడానికి కొంటారు. ఆ అవకాశం నువ్వివ్వట్లేదు. నా దగ్గరికి ఫేషియల్‌కి వచ్చేవాళ్ళు అందం కోసం వస్తున్నారనుకున్నావా?"

"మరి దేనికే?"

"పక్కింటావిడ చేయించుకుందని. ఇవ్వు, రెండు పుస్తకాలు ఇటివ్వు. నేనమ్మి పెడతా."

ఇచ్చింది. ఆ తర్వాత టికెట్లు కాళ్ళొచ్చినట్టు పోవడం మొదలుపెట్టాయి. పార్లర్లోనివి అయిపోయి కౌంటర్ దగ్గరికీ జనం వచ్చారు. ఇన్నాళ్ళూ చిల్లర కోసం కీచులాడినవాళ్ళు ఇప్పుడు చిల్లర వద్దన్నారు. ఏ సినిమా ఆడుతోందో కూడా అడగలేదు. ఆమె మొహం వంక అదోలా, తల ఒకపక్కకి వంచి చూశారు. టికెట్టు వెనక పేరు రాయబోతే చాలామంది ఒకటే మాటన్నారు. "నా పేరెందుకమ్మా. నీ పేరే రాసుకో. ఆ సైకిలేదో నీకే ఉండనీ."

వాళ్ళు అన్నారు, ఆమె రాసింది. టికెట్టు అమ్మడం వరకే ఆమె పని. లోపల ఏ బొమ్మ పడుతుందో, దానికి జనం ఏమంటారో ఆలోచించే అలవాటు ఆమెకు ఎన్నడూ లేదు. వరసగా తన పేరే రాసుకుంటూ పోయింది.

సంగతి తెలిసింది మందుల షాపాయన భార్య వల్ల. ఆవిడ టికెట్లు కొని, కంతలోంచి చేయి లోపలికి పెట్టి టికెట్టమ్మ చేతిని పట్టుకుంది. "ధైర్యంగా ఉండు. ఈ రోజుల్లో అన్నిటికీ మందులున్నాయి. మా ఆయన చెప్పారు, నీ మాత్రలు తన దగ్గరే తీసుకుంటున్నావట. పేరు మాత్రం నాక్కూడా చెప్పలేదు, పాపం."

ఆ షాపులో టికెట్టమ్మ జీవితంలో కొన్నది మోకాళ్ళ నొప్పుల డబ్బా ఒక్కటే.

కౌంటర్ మూసి తిన్నగా పార్లర్‌కి వెళ్ళింది. ఆడపడుచు ఎవరో ఒకావిడకి జుట్టుకి రంగు వేస్తోంది. వదిన మొహం చూసి, ఆవిడని ఆ రంగుతోనే వదిలేసి లోపలి గదిలోకి వచ్చింది.

"ఏం చెప్పావే వీళ్ళకి?"

"నేనేం అబద్ధం చెప్పలేదు వదినా, ఒట్టు. మీ వదినకెందుకమ్మా డబ్బు అని అడిగితే, 'ఏం చెప్పను లెండి' అన్నాను. అంతే. అప్పుడే బ్లీచ్ కలుపుతున్నా, ఘాటుకి కళ్ళు మండాయి, తుడుచుకున్నా. మిగతాదంతా వాళ్ళే అనుకున్నారు."

"ఏమనుకున్నారు?"

"ఒకరు రక్తం అన్నారు. ఒకరు కడుపు అన్నారు. నేను దేనికీ ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు." గొంతు తగ్గించింది. "ఫీజు సరిపోయింది కదా?"

సరిపోయింది. కోపం ఇంటికెళ్ళేదాకా కూడా నిలవలేదు. దారిపొడుగునా ఆలోచించింది. వీళ్ళకి నేనేమైనా చెప్పానా? టికెట్టు మీద అచ్చేసి ఉంది. చదవడం వచ్చినవాళ్ళే. నేను నీళ్ళలో సుఖపడతానంటే మూసుకుపోయిన జేబులు, నేను చావబోతున్నానంటే తెరుచుకున్నాయి. వీళ్ళ నీతి వీళ్ళది, నా ఫీజు నాది. మర్నాడు మళ్ళీ కౌంటర్ తెరిచింది. అమ్మింది. హెడ్మాస్టారు వచ్చి ఐదు టికెట్లు ఒక్కసారే కొని, వెనకున్నవాళ్ళకి వినపడేలా, "అన్నిటి మీదా నీ పేరే రాయమ్మా. మనిషికి మనిషే సాయం" అంటే, రాసింది. ఆయన వెనక ఉన్నవాడు కూడా సిగ్గుపడి ఐదు కొన్నాడు.

ఆమె తన మంచితనం గురించి ఎప్పుడూ పెద్దగా ఊహించుకోలేదు కాబట్టి ఇందులో పతనమేమీ లేదు. అయినా రాత్రిళ్ళు అన్నం సహించేది కాదు. చిక్కిపోవడం చూసి ఊరు జబ్బుని ఇంకా గట్టిగా నమ్మింది.

పాప్‌కార్న్ వాడొక్కడే వేరేలా స్పందించాడు. గేటు దగ్గర ఆపి, అటూ ఇటూ చూసి అడిగాడు. "అక్కా, ఏమనుకోకు. నీకేదో అంటున్నారు. మరి డ్రా ముందుకి జరుపుతావా? ఏమైనా అయితే టికెట్టు చెల్లుతుందా, చెల్లదా?"

చాలా రోజుల తర్వాత ఆమెకి నవ్వొచ్చింది. "చెల్లుతుంది లేరా. పో."

డ్రా ఆదివారం పొద్దున, ఆట మొదలవకముందు, హాలు లాబీలో పెట్టారు. జనం కిటకిటలాడారు. అంతమంది ఆ మధ్య ఏ సినిమాకీ రాలేదని మేనేజరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాప్‌కార్న్ టబ్బులో, వెనక పేర్లు రాసి చింపి ఉంచిన టికెట్ల రెండో సగాలన్నీ మడిచి పోశారు. సైకిల్‌కి రంగు కాగితాలు చుట్టారు. మేనేజరు స్టూలెక్కాడు.

"మన టికెట్టమ్మ గారు ఇవాళ ఒక పెద్ద పోరాటం చేస్తున్నారు. ఆ పోరాటం ఏంటో నేను చెప్పను, మీకందరికీ తెలుసు. ఆవిడ ఎన్నడూ నవ్వకపోవడానికి కారణం మనకి ఇప్పుడర్థమైంది. ముందుగా, ఆవిడ ఆరోగ్యం కోసం అందరం లేచి ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం."

కూర్చున్నవాళ్ళు లేచారు. నిలబడ్డవాళ్ళు ఇంకొంచెం నిటారుగా నిలబడ్డారు. తలలు వాలాయి. హెడ్మాస్టారు కళ్ళద్దాలు తీశాడు. ఆడపడుచు కూడా, ఏం చేయాలో తోచక, తల వంచుకుంది. కుర్చీ వదిలి ఎక్కడికీ రాని భర్త ఆ రోజు వచ్చాడు. ఆయన వంచిన తల మధ్యలో పైకెత్తి భార్య వంక అనుమానంగా చూశాడు, తనకు చెప్పకుండా ఏమైనా వచ్చిందేమోనని.

తను బతికుండగానే తనకి పాటిస్తున్న మౌనం మధ్యలో టికెట్టమ్మ నిలబడి ఉంది. ఒక్కొక్క మొహమే చూసింది. ఎంత తృప్తిగా ఉన్నారు! మంచి సినిమా చూసినప్పుడు కూడా వీళ్ళ మొహాలు ఇలా వెలగలేదు.

"కూర్చోండి" అంది. ఎవరూ కదల్లేదు, నిమిషం ఇంకా కాలేదు. ఇంకా గట్టిగా అంది. "కూర్చోండని చెప్తున్నా. నాకేం జబ్బు లేదు. మోకాళ్ళు పట్టేశాయి, అంతే. ఈ డబ్బు ఈత నేర్చుకోడానికి. టికెట్టు మీద అదే రాసుంది."

వాలిన తలలు ఒక్కొక్కటే పైకి లేచాయి.

మేనేజరు స్టూలు మీద ఇంకా నిలబడే ఉన్నాడు. ఏం చేయాలో తెలియక, చేయాల్సిన పని ఏదైతే ఉందో అదే చేశాడు. టబ్బులో చేయి పెట్టి ఒక కాగితం తీశాడు. విప్పాడు. చదవడానికి నోరు తెరిచి మూసేశాడు.

"ఎవరండీ?" అన్నాడు పాప్‌కార్న్ వాడు.

"టికెట్టమ్మ గారు."

"ఆహా!" అన్నాడు మందుల షాపాయన. ఆ ఆహాలో ఆయన సంసారం మొత్తం దగా పడిన బాధ ఉంది. "జబ్బు లేదు, సైకిలూ తనకే! బాగుందమ్మా, బాగుంది."

"మీరే రాయమన్నారుగా నా పేరు!" అంది టికెట్టమ్మ. "ఇంకోటి తీయండి" అంది మేనేజరుతో.

తీశాడు. ఆమె పేరే. ఇంకోటి తీశాడు. ఆమె పేరే. ఊరు చేసిన దానమంతా టబ్బులోంచి ఒక్కొక్కటిగా పైకి వస్తోంది, ప్రతిదాని మీదా ఒకే పేరు. మేనేజరు పైపైన తీయడం మాని చేయి అడుగుదాకా పెట్టి కలిపాడు. జనం గొణుగుడు అరుపులయ్యాయి. చివరికి ఒక కాగితం విప్పి, దాన్ని వెలుగుకి పెట్టి, ప్రాణం లేచొచ్చినట్టు "పాప్‌కార్న్!" అని అరిచాడు.

పాప్‌కార్న్ వాడు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఎవరికీ దండం పెట్టలేదు, రెండు మాటలు మాట్లాడలేదు. బ్రేకు పట్టి చూశాడు. గంట మోగించాడు. "కొంచెం తుప్పుందక్కా" అని ఫిర్యాదు చేసి, రంగు కాగితాలు కూడా మడిచి జేబులో పెట్టుకుని, సైకిల్ తోసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ లాబీలో సైకిల్ కోసం టికెట్టు కొన్న మనిషి అతనొక్కడే. ఆమెకు అతని మీద గౌరవం కలిగింది. అది ఆమెకు అలవాటు లేని పని.

హెడ్మాస్టారు ముందుకొచ్చాడు. "మమ్మల్ని మోసం చేశావమ్మాయ్."

"ఏం మోసం మాస్టారూ? మొదటి వారం మీరే చదివారు. చదివి నాకు పాఠం కూడా చెప్పారు."

"చదివి కొన్నామా? నీ మొహం చూసి కొన్నాం."

"నా మొహం ఎప్పుడూ ఇంతేగా."

"జబ్బు లేదని తెలిసీ డబ్బు తీసుకున్నావు. అది చెప్పు ముందు."

ఇది నిజం. దాన్ని ఆమె తోసిపారేయలేదు. "తీసుకున్నా" అంది. "మీరు ఇస్తున్న తీరు చూసి, ఇవ్వనీ అనుకున్నా. ఎవరి డబ్బు వాళ్ళకి ఇచ్చేస్తా. కౌంటర్ దగ్గరికి రండి. కానీ ఊరికే చేయి చాపితే ఇవ్వను. నువ్వు చావట్లేదు కాబట్టి నా డబ్బు నాకివ్వు అని నోటితో అడగాలి."

ఆడపడుచు ఆమె చేయి గిల్లింది. "వదినా, నోరు మూసుకోవచ్చుగా! ఎవరడుగుతారలా? అంతా నీకే మిగిలిపోతుంది, పద."

ఎవరూ అడగరనే టికెట్టమ్మ కూడా అనుకుంది. ఇన్నేళ్ళు అద్దం వెనక కూర్చున్నా జనాన్ని ఇంకా ఎక్కువగానే అంచనా వేసింది. కౌంటర్ తెరవగానే వరస కట్టారు. మొదట మందుల షాపాయన. ఆ మాట పూర్తిగా, తప్పులేకుండా, రసీదు అడిగినట్టు చెప్పి డబ్బు పుచ్చుకున్నాడు. ఒకడు చెప్పాక రెండోవాడికి సిగ్గెందుకు? "నువ్వు చావట్లేదుగా, ఇలా తే" అని తొందరపెట్టినవాళ్ళున్నారు. వెనకవాళ్ళు ముందువాళ్ళని తోశారు. హెడ్మాస్టారు మాత్రం వరసలో నిలబడలేదు. ఆయన భార్యని ఆడవాళ్ళ వైపు పంపించాడు.

మిగిలిన డబ్బు తీసుకుని రోడ్డు దాటింది. మిగిలిందంటే ఆ వరసలో ఓపిగ్గా నిలబడలేనివాళ్ళదీ, ఆ పొద్దున ఊళ్ళో లేనివాళ్ళదీ. ఈత నేర్పే అమ్మాయి చూసి, "ఆంటీ, ఇది ఒక నెలకి వస్తుంది. నెలలో ఈత రాదు, నీళ్ళ భయం పోతుందంతే" అంది.

"నాకు నీళ్ళ భయం లేదు. మొదలుపెట్టు."

వారం తిరక్కుండానే ఊరు తన మంచితనాన్ని మళ్ళీ బాగుచేసుకుంది. పార్లర్లో ఎవరో, టికెట్టమ్మకి డాక్టరే ఈత రాశాడట, మోకాళ్ళకట అన్నారు. ఈసారి ఆడపడుచు నిజంగానే ఏమీ అనలేదు. దాంతో అందరికీ ఊపిరాడింది. హెడ్మాస్టారు రోడ్డు మీద ఎదురై, డబ్బు సంగతి ఎత్తకుండా, "ఆరోగ్యం కోసమని ముందే చెబితే ఇంత జరిగేది కాదు కదమ్మా" అన్నాడు, క్షమించినట్టుగా.

"ఆరోగ్యం కోసం కాదు మాస్టారూ, సరదాకే" అంది. ఆయన వినపడనట్టు నడిచిపోయాడు.

నీళ్ళు ఆమె ఊహించినట్టు లేవు. చల్లగా ఉన్నాయి, మందు వాసన వేశాయి, ముక్కులోకి పోయాయి. ఈత దుస్తుల్లో తన ఒళ్ళు చూసుకుని ఆమెకే చిరాకేసింది. మొదటి రోజులన్నీ గట్టు పక్క ఇనప కమ్మీ పట్టుకుని కాళ్ళు కొట్టడంతోనే పోయాయి. ఆ కాళ్ళ దెబ్బలకి నీళ్ళు గట్టు ఎక్కేవి, ఆమె మాత్రం అంగుళం కదిలేది కాదు. తర్వాతి బ్యాచ్ పిల్లలు ముందే వచ్చి కంచె పట్టుకుని నిలబడి చూసేవాళ్ళు. ఒకరోజు కమ్మీ వదలమంది నేర్పే అమ్మాయి. వదిలింది. మునిగింది. గుటక వేసి, దగ్గి, మళ్ళీ కమ్మీ దొరకబుచ్చుకుని పైకి లేచేసరికి కంచె అవతల పిల్లలు విరగబడి నవ్వుతున్నారు.

"నవ్వండ్రా, నవ్వండి" అంది టికెట్టమ్మ, ముక్కులోంచి నీళ్ళు కారుతుంటే. "మీ నాన్నలు నా దగ్గర డబ్బులు వెనక్కి తీసుకున్నోళ్ళే. ఏమని అడిగి తీసుకున్నారో ఇంటికెళ్ళి కనుక్కోండి."

పిల్లలకి ఏమీ అర్థం కాలేదు. ఇంకా నవ్వారు. ఆమె వాళ్ళవైపు వీపు తిప్పి, "ఈసారి నన్ను పట్టుకోకు" అని ఆ అమ్మాయికి చెప్పి, కమ్మీ వదిలేసింది.